అరల ప్లాను

ఆమె గీసే ఇంటి ప్లానుకు ఆదోని మేస్త్రీలు అరల ప్లాను అని పేరు పెట్టుకున్నారు. ఆ మాట కొత్తగా విన్నవాళ్ళు గోడల్లో సామాను అరలు ఎక్కువ పెట్టిస్తుందేమో అనుకునేవారు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. సంగతి అది కాదు. ఆమె గీసిన ఏ ఇంటికైనా పొడవులోనో వెడల్పులోనో ఒకచోట అర అంగుళం తప్పకుండా ఉంటుంది. ఇన్ని అడుగుల మూడున్నర అంగుళాలనో, ఆరున్నర అంగుళాలనో రాసి ఉంటుంది. టేపు పట్టే మేస్త్రీకి ఆ అరను చూస్తే విసుగు. ఇటుక అంచే అర అంగుళం అటూ ఇటూ ఉంటుంది, ఇక గోడ ఎక్కడ నిలుస్తుందని సణిగేవారు. సణుగుతూనే పట్టేవారు.

నేను ఒక దినపత్రికకు ఆదోని విలేకరిగా ఉన్నప్పుడు మార్కెట్ యార్డు దారిలో మేడమీద ఒక గది తీసుకున్నాను. పక్క గదిలో ఆమె ఆఫీసు. మధ్యలో ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్ పలక. నేను డెస్కుకు ఫోనులో చెప్పే వార్తలన్నీ ఆమె చెవిన పడేవి. పత్తి ధర ఆమెకు పేపరు రాకముందే తెలిసేది. ఆమె మేస్త్రీలతో మాట్లాడే అడుగులూ అంగుళాలూ నా చెవిన పడేవి. ఉద్యోగం మానేశాక కూడా నేను ఆ గదిని మానలేదు. ఇంట్లో కూర్చుని రాసే అలవాటు నాకు ఎన్నడూ లేదు.

ఆ అర అంగుళం వెనక ఉన్నది వాస్తులో చూసే ఆయం. లెక్క ఊరికొక తీరుగా ఉంటుంది. మా వైపు ఎక్కువగా నడిచేది సులువైన పద్ధతి. ఇంటి లోపలి పొడవునూ వెడల్పునూ అడుగుల్లో హెచ్చవేసి, వచ్చినదాన్ని ఎనిమిదితో భాగిస్తారు. ఒకటి మిగిలితే జెండా, రెండు పొగ, మూడు సింహం, నాలుగు కుక్క, ఐదు ఎద్దు, ఆరు గాడిద, ఏడు ఏనుగు, ఏమీ మిగలకపోతే కాకి. బేసి వస్తే మంచిది, సరి వస్తే చెడ్డది. శాస్త్రంలో వీటికి సంస్కృతం పేర్లున్నాయి. సైటు మీద మాత్రం వృషభాయం అనేవాళ్ళు తక్కువ, ఎద్దు వచ్చిందా అని అడిగేవాళ్ళే ఎక్కువ. అర అంగుళం చూడడానికి చిన్నదే. ఇరవై నాలుగడుగుల వెడల్పున్న ఇంటికి దాన్ని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిస్తే ఒక చదరపు అడుగు అవుతుంది. ఎద్దుకూ గాడిదకూ మధ్య ఉన్న దూరం ఆ ఒక్క అడుగే.

ఇదంతా నువ్వు నమ్ముతావా అని ఒకసారి అడిగాను.

"ఇల్లు నాది కాదు కదన్నా," అంది. "ఆడ పండుకునేటోళ్ళు నమ్ముతారు. వాళ్ళ నిద్ర కోసం నేను అర అంగుళం తిప్పలు పడలేనా?"

ఆమెకు ఇంజనీరింగు డిగ్రీ లేదు. ఐటీఐలో ఇంటి నక్షాలు గీయడం నేర్చుకుని, ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసి, తర్వాత సొంతంగా కుర్చీ వేసుకుంది. మున్సిపాలిటీకి వెళ్ళే ప్లాను మీద సంతకమూ సీలూ వేరే ఇంజనీరువి. ఇంటిమీద పేరు యజమానిది, గోడ పనితనం మేస్త్రీది. ఆమెదని చెప్పుకోవడానికి మిగిలేది కొలత ఒక్కటే. ఆ కొలతను మళ్ళీ సరిచూడాల్సిన పనిలేదని మేస్త్రీలు అనుకునేవారు. ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ ఆమెకు పని దొరికింది ఆ ఒక్క నమ్మకం మీదే.

ఆమె కంప్యూటరులో ఉన్న డ్రాయింగు సాఫ్ట్‌వేరు అట్టపెట్టెలో డిస్కు పెట్టి అమ్మిన కాలం నాటిది. ఒకసారి కొంటే జీవితాంతం మీదే అని కర్నూలు నుంచి వచ్చిన డీలరు చెప్పి అమ్మాడు. కొన్నేళ్ళకు ఆ కంపెనీ అమ్మకం ఆపేసి, ఏటేటా అద్దె కట్టే పద్ధతి తెచ్చింది. పాతది పనిచేస్తున్నన్నాళ్ళు ఆమె పట్టించుకోలేదు. ఒక ఎండాకాలం కంప్యూటరు చెడిపోయింది. అందులోని ఫైళ్ళను విడిగా దాచుకుంది కాబట్టి అవి మిగిలాయి. సాఫ్ట్‌వేరును మాత్రం కొత్త కంప్యూటరులో ఎక్కించుకోవాలంటే కంపెనీ అనుమతి కావాలి. అంత పాతదానికి ఇప్పుడు అనుమతి ఇవ్వడం లేదని తెలిసింది. కర్నూలు డీలరు ఫోను ఎత్తలేదు.

"జీవితాంతం అన్నాడు," అంది ఆమె. "ఎవురి జీవితాంతం అని ఆ పొద్దే అడగాల్సింది."

దొంగ కాపీ వేసుకోమని చెప్పినవాళ్ళు ఉన్నారు. ఊళ్ళో సగం మంది అలాగే నడిపిస్తున్నారని అందరికీ తెలిసిన సంగతే. ఆమె ఒప్పుకోలేదు. సాగిపోయిన టేపుతో కొలిచినట్లుంటాది అంది. అద్దె కట్టడానికీ మనసు రాలేదు. అద్దె ఆపిన రోజు తన ప్లానులు తనకే తెరుచుకోకుండా పోతాయేమోనన్నది ఆమె భయం. నేను గీసిన ఇంటికి నేను వాకిట్లో నిలబడి తలుపు కొట్టాలనా అని ఫోనులో ఎవరితోనో అంటుంటే విన్నాను.

అప్పుడు బళ్ళారి నుంచి ఇంకొక డీలరు వచ్చాడు. మాటలో కన్నడమూ తెలుగూ కలిసిపోయిన మనిషి, నలభై దాటిన వయసు. అమ్మేది వేరే కంపెనీ సాఫ్ట్‌వేరు. ఒకసారి కొనుక్కుంటే చాలు, అద్దె లేదు, పాత ఫైళ్ళన్నీ అందులో తెరుచుకుంటాయి. అవే మాటలు ఇదివరకు ఒకసారి విన్నది కాబట్టి ఆమె నవ్వింది.

"కర్నూలాయన కూడా ఇట్లనే తియ్యగ సెప్పినాడు సార్. రేపు మీరు గూడా ఫోను ఎత్తకపోతే?"

"నన్ను నమ్మొద్దక్కా. నా ఫోన్ నమ్మొద్దు," అన్నాడతను. "మీ ఫైలు ఒకటి ఇవ్వండి, సుమ్నె ఏదైనా. అది చెప్తుంది నేను అబద్ధమా నిజమా అని."

ఆమె అతనన్నట్లు సుమ్నె, ఊరికే ఏదో ఒకటి ఇవ్వలేదు. వెతికి వెతికి తన దగ్గరున్న వాటిలో చిక్కైనదాన్ని, ఒక కల్యాణ మండపం ప్లానును ఇచ్చింది. అది తెరుచుకుంది. మెట్లు మెట్ల చోట ఉన్నాయి, స్తంభాలు స్తంభాల చోట ఉన్నాయి. ఒక్కో గీత మీద క్లిక్ చేసి దాని పొడవు చూసింది. కింద అంకె వచ్చేది. అరకు అర, పావుకు పావు, ఎక్కడా తేడా లేదు. పొద్దుపోయేదాకా అలా గీతల్ని నొక్కి చూస్తూనే ఉంది. డీలరు కుర్చీలో కూర్చుని ఓపికగా టీ తాగాడు.

"అంతా అట్లే వచ్చింది కదక్కా?"

"వచ్చింది," అని ఒప్పుకుంది.

పలక ఇవతల ఉన్న నాకు మా పత్రిక అక్షరాలు గుర్తొచ్చాయి. మేం మొదట్లో టైపు చేసిన తెలుగు ఫాంటును పత్రిక ఒకనాడు వదిలేసి కొత్తదానికి మారింది. నా పాత వార్తలు ఇప్పటికీ ఒక సీడీలో ఉన్నాయి. ఫైలు తెరుచుకుంటుంది గానీ, తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు గుర్తులూ కొక్కేలూ కనిపిస్తాయి. కరువు వార్త ఏదో, జాతర వార్త ఏదో పోల్చుకోలేం. దాన్ని చూసినవాడు ఎవడైనా ఇది చెడిపోయింది అంటాడు. ఆ విధంగా అది నిజాయితీగా చెడిపోయింది. ఆమెకు తర్వాత ఎదురైనది అలాంటిది కాదు.

కొత్త సాఫ్ట్‌వేరు కొన్నది. పని మళ్ళీ నడిచింది. ఎమ్మిగనూరులో ఒక స్కూలు మాస్టారి ఇల్లు పునాది దశలో ఉంది. ఆ ప్లాను పాత కంప్యూటరు చెడకముందు గీసి, ప్రింటు తీసి ఇచ్చినదే. మాస్టారిది మాధవరం వైపు కుటుంబం. ఆయన పెదనాన్న మంత్రాలయం దగ్గర గుళ్ళో కొలువు చేసి మానుకున్న మనిషి. ఆయమూ, నక్షత్రమూ అన్నీ చూసింది ఆ పెద్దాయనే. లోపలి వెడల్పు ఇరవై నాలుగు అడుగులు, పొడవు ముప్పై అడుగుల ఆరున్నర అంగుళాలు. హెచ్చవేస్తే ఏడు వందల ముప్పై మూడు, ఎనిమిదితో భాగిస్తే ఐదు మిగులుతుంది. ఎద్దు. పెద్దాయన ఆ ప్రింటును మడిచి తన దగ్గరే పెట్టుకున్నాడు.

మేస్త్రీ దగ్గరున్న కాపీ వానకు తడిసి చిరిగింది. ఇంకొకటి కావాలని అతను ఫోను చేశాడు. ఆమె అదే ఫైలును కొత్త సాఫ్ట్‌వేరులో తెరిచి, ప్రింటు తీయించి, ఎమ్మిగనూరు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపింది. ఇందులో ఆలోచించాల్సిందేమీ ఆమెకు కనిపించలేదు. ఎవరికైనా కనిపించేది కాదు.

శ్రావణంలో గోడలు మొదలయ్యాయి. మేస్త్రీ నాలుగు మూలలా ఇటుకలు పెట్టి దారం కట్టాడు. పెద్దాయన టేపు తీసుకుని వచ్చాడు. ఆమె ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడుతుంది కాబట్టి ఆ తర్వాత వచ్చిన ఫోను నాకు పలక అవతల నుంచే స్పష్టంగా వినిపించింది.

"ఏమమ్మా, ఎద్దని సెప్పినావు కదా?"

"అవును స్వామీ, ఎద్దే."

"ఈడికొచ్చి సూడు. గాడిద నిలబడి ఉండాది."

ఆమె ఏదో అనబోయింది. ఆయన వినలేదు.

"ముప్పై అడుగుల ఏడంగుళాలు. రెండుసార్లు పట్టినా. మేస్త్రీనడిగితే అక్కే రాసిందని కాయితం సూపిస్తాండాడు. డిగ్రీ ఉండేవానితో గీయించుకోప్పా అని మావానికి మొదుట్నుంచి సెప్తానే ఉండా. ఇంటాడా?"

ఫోను పెట్టేశాక పక్క గదిలో మౌసు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత నన్ను పిలిచింది. తెరమీద మాస్టారి ఇల్లు ఉంది. పొడుగాటి గీత మీద క్లిక్ చేసింది. కింద ఆరున్నర అని వచ్చింది. అదే గీత పక్కన, ప్రింటులో పడే అంకె దగ్గర ఏడు అని ఉంది.

"సూడన్నా. గీత ఆరున్నర. దాని పక్కన రాతేమో ఏడు. రెండూ ఒకే ఫైలు."

జరిగింది ఇది. గీత ఎంత పొడవో ఫైలులో ఉంటుంది. దాని పక్కన కనపడే అంకెను అరల దాకా చూపించాలా, నిండు అంగుళాలకు సర్దాలా అన్నది వేరే ఏర్పాటు. పాత సాఫ్ట్‌వేరులో ఆమె దాన్ని అరలకు పెట్టుకుంది. కొత్తది గీతల్ని యథాతథంగా తెచ్చుకుంది, ఆ ఏర్పాటును మాత్రం తెచ్చుకోలేదు. నిండు అంగుళాలకు సర్దేసింది. కొన్న రోజు ఆమె పొద్దుపోయేదాకా సరిచూసింది గీతల్ని. మేస్త్రీలు చదివేది అంకెల్ని.

బళ్ళారికి ఫోను చేసింది. అతను మొదటి రింగుకే ఎత్తాడు. ఆ విషయంలో మాట తప్పలేదు.

"గీత మారలేదు కదక్కా?"

"మారలేదు."

"మరి ఫైలు సరిగ్గానే తెరిచింది. అది సెట్టింగు అక్కా, నిమిషం పని. ఎక్కడుందో చెప్తాను, నొక్కండి."

నొక్కింది. ఏడు ఆరున్నర అయింది. నిజంగానే నిమిషం పని.

"గోడకు గూడా ఇట్ల సెట్టింగు ఉంటే బాగుండు," అని ఫోను పెట్టేసింది.

నాకు ఎమ్మిగనూరులో వేరే పని ఉండి, మరునాడు ఆమెతోపాటే బయలుదేరాను. శ్రావణం కాబట్టి ఉన్న బస్సులన్నీ ఉరుకుంద గుడికి వేశారు. ఈరన్న భక్తులు కిటికీల్లోంచి తువ్వాళ్ళు విసిరి సీట్లు పట్టుకుంటున్నారు. మాకు దొరికిన బస్సులో ఆమె నిలబడే వచ్చింది. చేతిలో కొత్త ప్రింటు చుట్ట, సంచిలో టేపు. దారిలో ఒక్కసారే మాట్లాడింది.

"తెరుచుకోకుండా పోయింటే ఎంతో బాగుండేదన్నా. తెరుచుకోలేదని తెలిసిపోయేది."

నా సీడీ సంగతి అప్పుడు ఆమెకు చెప్పాను. తల ఊపింది.

సైటు ఊరి చివర కొత్త లేఅవుటులో ఉంది. నల్లరేగడి నేల కావడంతో పునాది లోతుగా తీసి, వెడల్పుగా కట్టారు. దాని మీద మొదటి వరస ఇటుకలు మూలల్లో మాత్రమే పెట్టి ఉన్నాయి. మాస్టారు సెలవు పెట్టి వచ్చాడు. పెద్దాయన ఇటుకల గుట్ట నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మేస్త్రీ నిలబడే ఉన్నాడు, ఎవరు ముందు తనను అంటారో అని చూస్తున్నట్లు.

ఆమె చెప్పుల్తోనే ఇసుక మీదకు వెళ్ళి రెండు ప్రింట్లనూ పక్కపక్కన పరిచింది. పెద్దాయన దగ్గరున్న పాతది, మేస్త్రీ దగ్గరున్నది. ఎగిరిపోకుండా మూలలకు ఇటుక ముక్కలు పెట్టింది.

"మేస్త్రీని అనాల్సింది ఏం లేదు స్వామీ. నేనిచ్చిన కాయితంలో ఏడే ఉండాది. ఆయన ఏడే పెట్టినాడు. తప్పు నా కాడ జరిగింది."

మేస్త్రీకి ఊపిరి వచ్చింది. "అది సూసి నేనేమనుకున్యానంటే," అన్నాడు, "ఈ ఇంటికి అర లేదు, అక్క మన మీద దయ తలిచిందిరా అని మావోళ్ళకు గూడా సెప్తి."

"దయ తలిస్తే గాడిద వస్తాదా?" అన్నాడు పెద్దాయన.

"నాకేం తెల్సు స్వామీ, నేను ఇటుక పెట్టేవాన్ని. నాకు కనపడేది ఇటుకే."

మాస్టారు కూర్చుని రెండు ప్రింట్లనూ మార్చి మార్చి చూశాడు. "గీత సరిగ్గానే ఉందంటున్నావు. మరి అంకె ఎట్ల మారిందమ్మా?"

"గీత గీసింది నేను సార్. పక్కన అంకె రాసింది కొత్త సాఫ్ట్‌వేరు. నా గీతను సూసి దానికి తోచినట్ల రాసింది. రాసింది నా లెక్కనే ఉంటాదని నేను సూసుకోలేదు."

"నీకు అమ్మినోడు సెప్పలేదా?" అన్నాడు మేస్త్రీ.

"గీతలు సరిగ్గ వస్తాయా అని అడిగినా. వస్తాయన్నాడు, వచ్చినాయి. అంకెల సంగతి నేనడగలేదు, ఆయనా సెప్పలేదు."

పెద్దాయనకు సాఫ్ట్‌వేరు మీద ఆసక్తి లేదు. వచ్చిన పని గాడిదను పంపడం.

"ఇంతకీ యెట్ల జేద్దాం?" అన్నాడు మేస్త్రీ. "పునాది వెడల్పుగానే ఉండాది, గోడ కొంచెం అటూ ఇటూ జరిగితే ఏం ఫరక్ పడదు. దారం ఒక అర లోపలికి జరిపితే ఎద్దు. ఒక అర బయటికి జరిపితే ఏమొస్తాది స్వామీ?"

పెద్దాయన వేళ్ళ మీద లెక్క వేశాడు. ఏడు వందల ముప్పై ఐదు. పెదవులు కదిలాయి, ఆగాయి.

"ఏడు మిగుల్తాది," అన్నాడు మెల్లగా. "ఏనుగు."

మాస్టారు లేచి నిలబడ్డాడు. "ఎద్దుకంటే ఏనుగు ఇంకా మంచిది కదా పెదనాన్నా?"

"మంచిదే."

"బలే ఉండాదే," అన్నాడు మేస్త్రీ. "గాడిద పుణ్యాన ఏనుగు వస్తాంటే వద్దంటారా ఎవురైనా? ఇల్లు గూడా అంగుళం పెద్దదైతాది. అక్కా, ఏమంటావు? దారం బయటికి లాగల్నా?"

అందరూ ఆమె వైపు చూశారు. అక్కడితో పని సుఖంగా ముగిసిపోయేది. ఏనుగు వచ్చిందని పెద్దాయన నలుగురికీ చెప్పుకునేవాడు. ఏడంగుళాలు ఎలా పడ్డాయని మళ్ళీ ఎవరూ అడిగేవారు కాదు. పొరపాటే ఇంటికి కలిసొచ్చిందన్న మాట మిగిలేది. ఆమె ప్రింట్ల దగ్గరే కూర్చుని ఉంది. వాటి మీద పడిన ఇసుకను చేత్తో తుడిచింది.

"ఏనుగు కావాలంటే నేను మల్ల గీసిస్తా," అంది. "ఇంటికి పోయి, సార్ నక్షత్రానికి సూసుకోని, మీరు సెప్పండి స్వామీ. కొత్త ప్లాను కిందనే గీస్తా. ఈ ప్లాను మీద కడ్తాండామంటే మాత్రం ఇది ఎద్దే. నేను గీసింది ఆరున్నర. తప్పుకు ఇంకొక అర కలిపి ఏనుగును సేసినామనుకోండి, రేపు ఎవురైనా వచ్చి కొలిస్తే నా ప్లాను ఒకటి సెప్తాది, ఇల్లు ఒకటి సెప్తాది."

"ఎవురొస్తారక్కా కొల్సేదానికి?" అన్నాడు మేస్త్రీ.

"స్వామి రాలేదా?"

మేస్త్రీ నవ్వు ఆపుకోవడానికి పక్కకు తిరిగాడు. పెద్దాయనకూ నవ్వొచ్చిందో లేదో తెలియలేదు. తన ప్రింటును ఇసుక మీద నుంచి తీసి, దులిపి, మళ్ళీ మడిచాడు.

"మావాని నక్షత్రానికి పొసిగిందని ఎద్దును ఒప్పుకుంటి," అన్నాడు చివరికి. "ఏనుగును సూసి ఒప్పుకోలేదు. లోపలికి లాగప్పా దారం."

టేపు ఒక కొస ఆమే పట్టుకుంది. ఇంకొక కొస మేస్త్రీ పట్టాడు. మూల ఇటుకలు లేపి, జరిపి, మళ్ళీ పెట్టారు. ముప్పై అడుగుల ఆరున్నర. ఆమె లేచి పక్కకు జరిగాక పెద్దాయన తన టేపు తీసి, మాస్టారితో కొస పట్టించి, తానూ ఒకసారి చూసుకున్నాడు. ఆమె అది చూసింది. పదేళ్ళలో ఆమె ముందర ఆమె కొలతను మళ్ళీ కొలిచిన మొదటి మనిషి ఆయనేనని తిరుగు బస్సులో నాకు చెప్పింది.

మేం బయలుదేరుతుంటే పెద్దాయన కుర్చీలోంచే పిలిచాడు.

"ఈసారి అంకె నువ్వే రాయమ్మా. దాని సేత రాయించొద్దు."

మా వృత్తిలో తప్పు పడితే సవరణ వేస్తాం. లోపలి పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో. ఫలానా వార్తలో ఫలానా పేరు పొరపాటుగా పడింది, చింతిస్తున్నాం అని. తప్పు మొదటి పేజీలో పడినా సవరణ చోటు మారదు. తప్పు చదివినవాళ్ళలో సవరణ చదివేవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టాలని మాకు ఎప్పుడూ అనిపించలేదు. ఆమెకు లోపలి పేజీ లేదు. కొత్త సాఫ్ట్‌వేరు వచ్చాక ప్రింటు తీసిచ్చిన ఇళ్ళు ఇంకొన్ని ఉన్నాయి. ఒక్కో మేస్త్రీకి తానే ఫోను చేసి, కాయితంలో అర పోయింది, చూసుకోండి అని చెప్పింది. పలక ఇవతల కూర్చుని ఆ ఫోన్లన్నీ విన్నాను. కొందరు విసుక్కున్నారు. ఒకతను ఇంకా పునాదికి ముగ్గే పోయలేదన్నాడు. ఇంకొకతను, నీ అర నీకే తెలియకపోతే మాకేం తెలుస్తుందక్కా అన్నాడు. ఆ మేస్త్రీ ఆ తర్వాత ఆమె దగ్గరకు పని తేలేదు.

దేవనకొండ దగ్గర ఒక రైతు ఇంటికి అప్పటికే గోడలు కిటికీల పైదాకా లేచాయి. అక్కడ జరపడానికేమీ లేదు. చెప్పకపోయినా తెలిసే అవకాశమూ లేదు. ఆమె నేరుగా రైతుకే ఫోను చేసింది, ఎప్పటిలాగే స్పీకరు పెట్టి.

"అన్నా, మీ ఇంటికి ఎద్దు రావాల్సింది, నా కాయితం తప్పుతో గాడిద వచ్చింది. సున్నం పూసేముందు ఒక గోడకు పూత అర అంగుళం మందంగా వేయిస్తే సరిపోతాది. మేస్త్రీకి నేను వచ్చి సెప్తా."

అవతల ఆ మనిషి వెనక ఎక్కడో ట్రాక్టరు చప్పుడు.

"మేము అవన్నీ సూసేటోళ్ళం కాదమ్మా," అన్నాడు. "ఎద్దైతేంది, గాడిదైతేంది, రెండూ మోసేటివే గదా. ఇల్లు కూలదు గదా?"

"కూలదన్నా."

"ఐతే ఉండనీ పాపం."

అయినా ఆమె వెళ్ళి వచ్చింది. పూత మందంగా వేయించే వచ్చింది. అది రైతు కోసం కాదని నాకు అనిపించింది. అడగలేదు.

బళ్ళారి డీలరు కొన్ని నెలలకు మళ్ళీ వచ్చాడు. ఆమె సాఫ్ట్‌వేరును వదిలేయలేదు. వదిలి ఎక్కడికి పోవాలి? కూర్చోబెట్టి టీ తెప్పించింది.

"నేను అబద్ధం చెప్పలేదక్కా," అన్నాడతను, ఎవరూ అడగకుండానే.

"సెప్పినారని నేను అన్లేదు సార్. అందరూ నిజమే సెప్పినారు. మీరు నిజమే సెప్పినారు, ఫైలు నిజమే సెప్పింది. మాస్టారింట్లో గాడిద వచ్చింది."

అతను గ్లాసు కింద పెట్టాడు. ఇప్పుడు ఏ ఊరికి వెళ్ళినా ముందు అరలున్న ఫైలు ఒకటి ఇవ్వమని తానే అడుగుతున్నానని చెప్పాడు. అమ్మడానికి అది మంచి మాట కూడా అవుతుంది. అందులో ఎంత పశ్చాత్తాపమో ఎంత వ్యాపారమో విడదీయడం నా వల్ల కాలేదు. ఆమె విడదీయాలని ప్రయత్నించినట్లు లేదు. ఆమె ప్రింటులో ముఖ్యమైన రెండు కొలతల్ని ఇప్పుడు ఎర్ర పెన్నుతో చేత్తో రాస్తుంది. సాఫ్ట్‌వేరు ముద్రించిన అంకె దాని పక్కనే ఉంటుంది. రెండూ ఒకటేనని చూసుకున్నాకే కాయితం గది దాటుతుంది.

మేస్త్రీలు మాత్రం మారారు. ఇదివరకు ప్లాను అందగానే పనిలోకి దిగేవాళ్ళు. ఇప్పుడు ముందు ఎర్ర అంకెలో అర కోసం వెతుకుతారు. అర కనపడకపోతే ఫోను చేస్తారు. మధ్యాహ్నం పూట పలక అవతల ఫోను మోగిందంటే ఎక్కువగా అదే. నిండు అంకెలు వచ్చే కట్టడాలకు ఆమె అడుగున "అర లేదు" అని రాసి పంపడం మొదలుపెట్టింది. అయినా ఫోన్లు ఆగలేదు. మొన్న ఒకటి విన్నాను. ఎమ్మిగనూరు మేస్త్రీయే, మాస్టారి ఇల్లు కట్టినవాడు.

"అక్కా, దీంట్లో అర యాడ పోయింది?"

"దాంట్లో అర లేదన్నా. కింద రాసినా కదా, సూడు."

"రాసినావులే. నిజంగానే లేదా, మల్ల అది మింగేసిందా అని అడుగుతాండా."

"నిజంగానే లేదు. అది ఇల్లు కాదు, గొడ్లపాక. పాకకు ఆయం యాల?"

"ఏందక్కా అట్లంటావు," అన్నాడు మేస్త్రీ. "ఎద్దులుండేది ఆడే గదా."

పలక అవతల ఆమె నవ్వింది. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు, కీబోర్డు చప్పుడు వినిపించాయి. ఫోను పెట్టేయకుండానే ఆ ఫైలు తెరిచి చూస్తోంది.